చిన్నత్తయ్య మరచిపోదు

"ఈ మూత తెరిచి లోపల చెయ్యి పెట్ట"

తెర మీద అక్షరాలు అక్కడితో ఆగిపోయాయి.

పిడుగు వేళ్ళు మాత్రం ఆగలేదు. చెవుల్లో శిక్షకుడి గొంతు గడగడా సాగిపోతోంది, ఆమె చేతులు దాని వెంట పరిగెడుతున్నాయి. "కూడదు" అని ఎప్పుడో కొట్టేసింది. దాని తర్వాతి వాక్యం కూడా కొట్టేసింది. కానీ కొట్టిందంతా ఆమె లాప్‌టాప్‌లోనే కుప్పపడుతోంది. తెర మూల చిన్న చక్రం తాపీగా తిరుగుతోంది. అవతల ఎక్కడో ఒక కార్ఖానాలో, రేకులు కోసే మిషను ముందు నిలబడ్డ ఇద్దరు వినపడని పనివాళ్ళు ఆ సగం వాక్యాన్నే చూస్తున్నారు.

"తిరిగింది చాలు, కదులు!" అంది పళ్ళు బిగించి.

చక్రం వినలేదు. దానికి తోచినప్పుడు ఆగింది. అప్పటికి కంపెనీ తరఫున అవతల కూర్చున్న పర్యవేక్షకురాలు మిగతా వాక్యాన్ని తనే టైపు చేసి పంపించేసింది. అక్షరాలు తన రంగు నుంచి ఆమె రంగుకు మారడం చూడగానే పిడుగుకు విషయం అర్థమైంది. ఈసారి కూడా పోయింది.

క్లాసు ముగిశాక ఫోను మోగింది. పర్యవేక్షకురాలు కోపంగా లేదు. అదే ఇంకా భయపెట్టింది.

"మీ చేతులకి వంక పెట్టలేనమ్మా. ఇంత వేగం, ఇంత శుభ్రం నేను చూళ్ళేదు. కానీ రెండుసార్లూ మధ్యలో తెగింది. వాళ్ళకి చెవులు మనమే కదా. చెవి మధ్యలో మూసుకుపోతే ఎలా?"

"లైను సమస్యండీ..."

"లైనో, లాప్‌టాపో, చూసేవాళ్ళకి ఆ తేడా తెలీదు. సోమవారం పొద్దున పదింటికి అదే కార్ఖానాలో రెండో భాగం ఉంది. అదే మీకు ఆఖరి పరీక్ష. ఈసారి తెగితే మీ పేరు తీసేయక తప్పదు. నా చేతిలో లేదు."

పిడుగు ఫోను పెట్టేసి తన చేతుల వంక చూసుకుంది. పుట్టింట్లో పెట్టిన పిడుగు అన్న ఈ ముద్దుపేరు అత్తింటికి ఆమెకంటే ముందే వచ్చి కూర్చుంది. పెళ్ళయిన కొత్తలో ఆమె కోర్టులో సాక్షుల మాటలు టైపు చేసేది. లాయర్లు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నా ఇద్దరి మాటలూ విడివిడిగా పట్టేది. రికార్డింగు మిషన్లు వచ్చాక ఆ ఉద్యోగం ఊడింది. ఉద్యోగమే కాదు, ఆ కుర్చీని కూడా ఎత్తుకుపోయారు. అప్పటినుంచి ఆ చేతులకు పని లేదు. మాటలను అప్పటికప్పుడు అక్షరాలుగా చూపించే ఈ కంపెనీ ప్రకటన కనిపించినప్పుడు, ఆమె చాలా రోజుల తర్వాత గోళ్ళు కత్తిరించుకుని కూర్చుంది.

అలాంటి పనిని ఒక చక్రానికి వదిలేస్తుందా? వదలదు. సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

*

అనుమానితులు ముగ్గురు: లాప్‌టాప్, లైను, కంపెనీ వాళ్ళ సాఫ్ట్‌వేర్.

"లాప్‌టాపే వదినా," అన్నాడు మరిది గుసగుసగా. ఆ ఇంట్లో పగలంతా గుసగుసలే. ఆమె భర్తకు బేకరీలో రాత్రి పని, పగలు నిద్ర. అందుకని ఆ ఇంట్లో పోట్లాటలు కూడా గొంతు తగ్గించే జరుగుతాయి. "దాని వయసు చూడు. పెన్షన్ ఇచ్చి పంపించాల్సింది."

"నీ సినిమాలు ఇందులోనే చూస్తావుగా? అప్పుడు ఆగదే?"

మరిది లాప్‌టాప్ వదిలి మోడెమ్ వంక చూశాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. వదిన టైపు చేస్తుంటే వెనక నిలబడి వ్యాఖ్యానం చెప్పడం అతని రెండో ఉద్యోగం.

ఇంటికి నెట్ ఇచ్చే కేబుల్ అతన్ని పిలిపించింది. అతను వచ్చి మోడెమ్ మీద దీపాలు చూసి, వాటికి ఆరోగ్యం బాగుందని తేల్చాడు.

"సిగ్నల్ ఫుల్లమ్మా."

"సిగ్నల్ ఫుల్లే బాబూ. మరి పని మధ్యలో ఎందుకు ఆగుతోంది?"

"అది పైవాళ్ళని అడగాలి."

"పైవాళ్ళు ఎక్కడుంటారు?"

అతను కాస్త ఆలోచించి, "పైన" అని వెళ్ళిపోయాడు.

పిడుగు కొంగు బిగించింది. అత్తయ్య పప్పు ఏరుతున్న బల్ల మీదే ఒక మూల చోటు చేసుకుని, దొరికిన పాఠమల్లా చదివింది. వీడియోలు చూసింది. ఎవరో ఎక్కడో తిట్టుకుంటూ రాసుకున్న సమస్యలు చదివింది, వాటికి ఇంకెవరో విసుక్కుంటూ ఇచ్చిన జవాబులు చదివింది. చదివింది చదివినట్టు చేసి చూసింది.

మర్నాడు మధ్యాహ్నానికి దొంగ దొరికాడు.

కంప్యూటర్లకు పేర్లు తెలియవు, నంబర్లే తెలుసు. పేర్లు మనకోసం. మనం ఏ పేరు కొట్టినా ముందు కంప్యూటర్ బయటికి ఒక చిన్న ప్రశ్న పంపుతుంది: ఈ పేరుగలవాళ్ళ నంబరెంత? ఆ ప్రశ్నకు జవాబు చెప్పేది డీఎన్ఎస్ సర్వర్. వీళ్ళ ఇంటి తరఫున ఆ సర్వర్ కేబుల్ కంపెనీవాళ్ళ దగ్గర ఉంది. జవాబు వస్తేనే అసలు పని మొదలవుతుంది.

కంపెనీ సర్వర్ నంబరు కనుక్కుని నేరుగా నంబరుతోనే తలుపు తట్టి చూసింది. ప్రతిసారీ చటుక్కున పలికింది. పేరుతో అడిగితే మాత్రం ఒకసారి రెప్పపాటులో జవాబు, ఇంకోసారి అసలు ఉలుకూ లేదు, పలుకూ లేదు. బిల్డింగులో అందరూ నెట్ మీద పడే వేళల్లో ఆ చిన్న ప్రశ్న దారిలోనే జారిపోతోంది. పోయిందని ఎవరూ చెప్పరు. లాప్‌టాప్ కాసేపు ఎదురుచూసి, విసుగుపుట్టి, మళ్ళీ అడుగుతుంది. ఆ ఎదురుచూపే ఆ చక్రం.

పైగా కంపెనీ సాఫ్ట్‌వేర్ రెండు మూడు వాక్యాలకోసారి కొత్తగా కనెక్షన్ తెరుస్తుంది. తెరిచిన ప్రతిసారీ అదే పేరు, అదే ప్రశ్న.

"అయితే బయట ఫ్రీగా ఉన్న పెద్ద సర్వర్ ఏదో ఒకటి పెట్టుకో," అన్నాడు మరిది, అన్నం తింటూ.

"పెట్టాను. కాస్త నయం, అంతే. సర్వర్ ఎంత గొప్పదైనా ప్రశ్న ఈ బిల్డింగు వైరు దాటి వెళ్ళాలిగా? పడిపోయేది ఇక్కడే."

"మొబైల్ డేటా?"

"ఈ ఇంట్లోనా?" అంది పిడుగు. ఆ ఇంట్లో ఫోను సిగ్నల్ కిటికీ దగ్గర మాట్లాడుకోవడానికి సరిపోతుంది. ఒక ఫోటో పంపాలంటే మాత్రం మెట్లు దిగి వీధిలోకి వెళ్ళాలి.

అప్పుడే లోపల గదిలోంచి భర్త నిద్రగొంతుతో కేక: "అమ్మా, నెయిల్ కట్టర్?"

"అద్దం కింద, ఎడమ పక్క డబ్బాలో," అంది అత్తయ్య, పప్పు మీంచి తల కూడా ఎత్తకుండా.

పిడుగు చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

ఆ ఇంట్లో ఎవరూ ఏదీ వెతకరు. అత్తయ్యను అడుగుతారు. ఆవిడ ఒకసారి చూసిందంటే ఇక లేచి వెళ్ళి చూడక్కర్లేదు, కూర్చున్నచోటు నుంచే చెబుతుంది.

"మనకి ఇంట్లోనే ఒక అత్తయ్య కావాలి," అంది పిడుగు.

"నేనేమైపోయాననే!" అంది అత్తయ్య.

"మీరు కాదత్తయ్యా. నెట్‌కి. బయట ఒక్కసారి అడిగి, జవాబు గుర్తుపెట్టుకుని, మళ్ళీ ఎవరు అడిగినా ఇంట్లోంచే చెప్పేది. గడప దాటకపోతే ప్రశ్న దారిలో పడిపోదు."

"అంటే నాకు తోటికోడల్ని తెస్తున్నావన్నమాట."

"ఇంట్లో ఇద్దరా!" అని మరిది గుండె పట్టుకున్నాడు. అత్తయ్య విసిరిన పప్పుగింజ సరిగ్గా ముక్కు మీద తగిలింది.

అలా దానికి చిన్నత్తయ్య అన్న పేరు ఖాయమైపోయింది.

*

చిన్నత్తయ్యకు శరీరం మరిది ఇచ్చాడు. అతను ఒకసారి పొరపాటున కూర్చున్న లాప్‌టాప్ అది. తెర పగిలింది, ప్రాణం మాత్రం ఉంది. పిడుగు దాన్ని టీవీకి తగిలించి, పాతదంతా తుడిచి, ఉచితంగా దొరికే సిస్టమ్ ఎక్కించింది. దానిమీద పేర్లకు నంబర్లు వెతికి గుర్తుపెట్టుకునే చిన్న ప్రోగ్రాం వేసింది. ఇలాంటి సర్వర్‌ను క్యాషింగ్ సర్వర్ అంటారని చదివింది. చదివినంత సుళువుగా అది లేవలేదు.

మొదటిసారి నడపబోతే, ప్రశ్నలు అందుకునే తలుపు దగ్గర ఇప్పటికే ఎవరో కూర్చున్నారని మొరాయించింది. చూస్తే సిస్టమ్ తనంతట తానే పెట్టుకున్న ఇంకో చిన్న సేవ అదే చోటు ఆక్రమించి ఉంది. దాన్ని మర్యాదగా లేపి పంపింది. రెండోసారి నడిచింది కానీ తనతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడనంది. ఇంట్లోవాళ్ళు పరాయివాళ్ళు కాదని రాసి చెప్పాల్సి వచ్చింది. మూడోసారి అన్నీ కుదిరాయి, ఇంట్లో ఉన్న ఫోన్లూ టీవీ అన్నిటినీ దానివైపు తిప్పింది. పిడుగు పొంగిపోయి, దాన్నోసారి ఆపి మళ్ళీ ఆన్ చేసింది. అంతే, ఇంట్లో ఏ ఫోనుకూ నెట్ లేదు.

"వదినా, నీ అత్తయ్య అలిగి పుట్టింటికి వెళ్ళినట్టుంది," అన్నాడు మరిది.

అలగలేదు, ఇల్లు మారింది. ఆన్ చేసినప్పుడల్లా ఇంట్లో నెట్ పంచే రూటర్ దానికి కొత్త నంబరు అంటగడుతోంది. ఇంట్లో అందరూ పాత నంబరు దగ్గరికి వెళ్ళి తలుపు కొడుతున్నారు. పిడుగు నాలుక కరుచుకుని, చిన్నత్తయ్యకు కదలని నంబరు ఒకటి రాసిచ్చింది. ఆ నంబరును తన లాప్‌టాప్‌లో, ఇంట్లో ఉన్న ఫోన్లలో, టీవీలో ఒక్కొక్కదాన్లో మళ్ళీ చేత్తో కొట్టింది.

శనివారం మధ్యాహ్నం పరీక్ష పెట్టింది. కంపెనీ పేరు అడిగింది. మొదటిసారి జవాబు నింపాదిగా వచ్చింది. రెండోసారి అడిగింది.

సున్నా. పట్టిన సమయం అక్షరాలా సున్నా.

"అత్తయ్యా!" అని గుసగుసగానే కేక పెట్టి, వెళ్ళి అసలు అత్తయ్యను వాటేసుకుంది. ఎందుకో తెలియకపోయినా అత్తయ్య కూడా గట్టిగానే పట్టుకుంది.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కాసేపాగి అడిగితే చిన్నత్తయ్య మళ్ళీ బయటికి వెళ్ళింది. మళ్ళీ ఆలస్యం. ప్రతి జవాబుకూ ఒక గడువు ఉంటుందట. ఆ గడువు దాటితే మరచిపోయి కొత్తగా అడగాలి. సామాన్యంగా ఆ గడువు గంటల తరబడి ఉంటుంది. ఈ కంపెనీ మాత్రం అర నిమిషమే ఇచ్చింది.

"అర నిమిషమా!" అంది పిడుగు. "చేప కూడా అంతకంటే ఎక్కువసేపు గుర్తుపెట్టుకుంటుంది."

వెతికితే ఉపాయం దొరికింది. బయటివాళ్ళు ఎంత గడువు చెప్పినా సరే, కనీసం ఇంతసేపు మరచిపోవద్దని చిన్నత్తయ్యకు ఆజ్ఞ ఇవ్వొచ్చు. ఒక్క లైను చాలు. పిడుగు ఆలోచించకుండా ఒక రోజు మొత్తం రాసేసింది.

మరిది భుజం మీంచి తొంగిచూశాడు. "గంట దాటి పెట్టొద్దని ఇక్కడ రాశారు కదా?"

"ఎందుకట?"

"వాళ్ళ నంబరు మారితే మనకి తెలీదట. ఇదిగో, దీని కిందే ఇంకో పద్ధతి కూడా ఉంది. గడువు అయిపోకముందే ఓసారి వెళ్ళి అడిగి రావడం, జవాబు రాకపోతే..."

"అది చదివాను. అన్ని లైన్లు రాసి ఎక్కడో తప్పు పెట్టుకునేకంటే ఇది నయం. కంపెనీ నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది. ఒక్క సోమవారం కోసం ఎక్కడికి పోతుంది?"

ఆదివారం పొద్దున కంపెనీవాళ్ళ ఆన్‌లైన్ అభ్యాసం గదిలో కూర్చుని గంటసేపు టైపు చేసింది. చక్రం ఒక్కసారి కూడా తిరగలేదు. బిల్డింగంతా సినిమాలు చూస్తున్న మధ్యాహ్నం వేళ ఇంకో గంట చేసింది. చక్రం అన్నది ఉన్నట్టే మరచిపోయింది. ఆ పూట అత్తయ్య చేతి అన్నం మారు అడిగి మరీ తిన్నది.

*

సోమవారం పొద్దున పదికి ఇంకా పావుగంట ఉందనగా పిడుగు హెడ్‌ఫోన్ పెట్టుకుని, వేళ్ళు విరుచుకుని, తెర మీద క్లాసు గది తలుపు బొమ్మ నొక్కింది.

"సర్వర్‌ను చేరుకోలేకపోతున్నాం."

మళ్ళీ నొక్కింది. అదే మాట. సాఫ్ట్‌వేర్ మూసి తెరిచింది. అదే మాట. లాప్‌టాప్ ఆపి ఆన్ చేసింది. లేచింది. అదే మాట.

ముందుగది టీవీలో అత్తయ్య సీరియల్ నిక్షేపంగా నడుస్తోంది. అంటే లైను ఉంది. చిన్నత్తయ్యను అడిగి చూసింది. సున్నా సమయంలో ఠక్కున నంబరు చెప్పింది. అంటే చిన్నత్తయ్యా బాగానే ఉంది. ఆ నంబరు దగ్గరికి వెళితే మాత్రం తలుపు తీసే నాథుడు లేడు.

ఫోను మోగింది. కిటికీ దగ్గరికి ఉరికింది.

"అందరూ వచ్చేశారు. మీరు కనబడటం లేదే?" పర్యవేక్షకురాలి గొంతులో కొంచెం గరుకు.

"మీ సర్వర్ పనిచేస్తోందాండీ?"

"నేను అందులోనే ఉన్నాగా! ఇదిగో, ఇంకో మాట. సర్వర్ల మరమ్మతు జరుగుతోంది, క్లాసు మధ్యలో ఇంకో దానికి మారుస్తారు. మీకేమీ తెలీదులెండి, దానంతట అదే జరిగిపోతుంది. త్వరగా రండి."

మరమ్మతు. ఇంకో దానికి.

పిడుగు వెంటనే మరిదికి ఫోను కొట్టింది. అతను ఎక్కడో లిఫ్టు గొట్టంలో ఉన్నాడు, గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"నీ మొబైల్ డేటా మీద కంపెనీ పేరు నంబరు అడిగి చెప్పు. మొన్న నేర్పించానుగా. తొందరగా!"

"వదినా, నేను మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య వేలాడుతున్నా."

"వేలాడుతూనే చెప్పు!"

చెప్పాడు. పిడుగు లాప్‌టాప్‌ను కిటికీ దగ్గరికి లాక్కుని, తెర మీదున్న నంబరును వేలితో సరిచూసుకుంటూ విన్నది. నాలుగు ముక్కల ఆ నంబరులో మొదటి రెండూ కలిశాయి. మూడోది కలవలేదు. నాలుగోదీ కలవలేదు.

పేరు ఒకటే. నంబర్లు రెండు.

కంపెనీ ఇవాళ తెల్లారేసరికి ఇల్లు మారింది. మారతామని వాళ్ళకు ముందే తెలుసు, అందుకే అర నిమిషం గడువు పెట్టారు. ఊళ్ళో అందరికీ అర నిమిషంలో కొత్త చిరునామా అందింది. ఈ ఒక్క ఇంట్లో మాత్రం చిన్నత్తయ్య నిన్నటి చిరునామాను పట్టుకుని, మధ్యాహ్నందాకా వదలనని భీష్మించుకుని కూర్చుంది. ఆ ప్రతిజ్ఞ చేయించింది ఎవరు?

పిడుగు తనను తాను తిట్టుకోవడానికి ఒక్క క్షణం తీసుకుంది. ఒక్క క్షణమే.

దారులు రెండున్నాయి. లాప్‌టాప్‌ను తిరిగి కేబుల్ కంపెనీ సర్వర్‌కే తగిలించేస్తే ఇప్పుడే లోపలికి వెళ్ళొచ్చు. వెళ్ళిన కాసేపటికే ప్రశ్న దారిలో పడిపోతుంది, చక్రం తిరుగుతుంది, పేరు పోతుంది. లేదా చిన్నత్తయ్య చేత పాత నంబరు మరపించి, కొత్తది పట్టించి ఇలాగే వెళ్ళొచ్చు. అప్పుడు క్లాసు మధ్యలో సర్వర్ మారిన క్షణాన మళ్ళీ ఇదే గోడకు గుద్దుకుంటుంది.

రెండూ కాదు. మరిది వేలు పెట్టి చూపించిన ఆ పొడుగు పద్ధతే కావాలి. కంపెనీ చెప్పిన గడువును గౌరవించాలి. గడువు తీరకముందే వెళ్ళి మళ్ళీ అడిగి రావాలి. ఒకవేళ ఆ ప్రశ్న దారిలో పడిపోతే, కొత్త జవాబు దొరికేదాకా పాత జవాబుతో పని నడపాలి. మొండిగా పట్టుకు కూర్చోకూడదు, అలాగని బిక్కమొహమూ వేయకూడదు.

ఆలస్యంగా వెళ్ళినా సరే, వెళ్ళాక తెగకూడదు. తాడోపేడో తేల్చుకోవాల్సింది ఇక్కడే.

చిన్నత్తయ్యకు సొంత తెర లేదు, మళ్ళీ టీవీకి తగిలించే సమయమూ లేదు. తన లాప్‌టాప్ నుంచే దానిలోకి దూరింది. ఒక రోజు పట్టి ఉంచమన్న లైను కొట్టిపారేసింది. దాని చోట కొత్త లైన్లు రాయడం మొదలుపెట్టింది. కోర్టులో ఇద్దరు లాయర్ల అరుపుల మధ్య తప్పు లేకుండా కొట్టిన వేళ్ళు అవి. ఒక్కో లైను కొట్టాక ఆగి, పెదవులు కదుపుతూ చదివింది. తొందర ఉన్నప్పుడే నెమ్మదిగా చదవాలని ఆ కుర్చీ ఆమెకు నేర్పింది.

సేవ్ చేసి, చిన్నత్తయ్యను ఆపి లేపింది.

"అమ్మాయ్! టీవీ పోయింది!" ముందుగదిలోంచి అత్తయ్య.

పోతుంది మరి. లేచిన చిన్నత్తయ్యకు ఇప్పుడు ఏదీ గుర్తు లేదు. ఇంట్లో ప్రతిదీ ఒక్కసారిగా దాని మీద పడి వందరకాల పేర్లు అడుగుతోంది, అవన్నీ ఆ ఇరుకు వైరులోంచి బయటికి తోసుకుంటున్నాయి. ఆ తొక్కిసలాటలో పిడుగు అడిగిన ఒక్క ప్రశ్న ఎక్కడ నలిగిపోయిందో ఏమో, జవాబు రాలేదు.

"కట్టేయండి అత్తయ్యా! టీవీ కట్టేయండి! ఫోన్లు కూడా!"

ఆ ఇంట్లో పగటిపూట అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ అరవలేదు. పడకగది తలుపు ధడాలున తెరుచుకుంది. భర్త జుట్టు చెదిరిపోయి, ఒక చేత్తో దిండు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటి? ఎవరు? ఏమైంది?"

"ఏమీ కాలేదు. మీ ఫోను ఆపెయ్యండి."

"నిద్రలో ఉన్నవాణ్ణి లేపి ఫోను ఆపమంటావా?"

"చెప్పింది చెయ్యరా," అంది అత్తయ్య, టీవీ స్విచ్చి నొక్కుతూ. "దాని మొహం చూశావా అసలు?"

చూశాడు. మారుమాట లేకుండా ఫోను ఆపాడు.

పిడుగు మళ్ళీ అడిగింది. చక్రం. చక్రం. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. భర్తకు ఎందుకో తెలియదు, అయినా బిగబట్టాడు.

నంబరు వచ్చింది. లిఫ్టు గొట్టంలోంచి మరిది చదివిన నంబరే.

తలుపు నొక్కింది. తెరుచుకుంది.

*

క్లాసు మొదలైపోయింది. పర్యవేక్షకురాలు తనే టైపు చేస్తోంది, శిక్షకుడికి రెండు వాక్యాలు వెనకబడి. పిడుగు చెవి పెట్టింది, వాక్యం ఎక్కడుందో పట్టుకుంది, దాని నడుమ నుంచే అందుకుంది. పర్యవేక్షకురాలి అక్షరాలు ఆగిపోయాయి. తెర మీద ఇప్పుడు పిడుగు రంగు ఒక్కటే.

శిక్షకుడు వేగంగా మాట్లాడే మనిషి. మీటల గురించి చెప్పాడు, అడ్డుపలకల గురించి చెప్పాడు, రేకు ఇరుక్కుంటే ఏ వరసలో ఏం ఆపాలో చెప్పాడు. మధ్యలో తన పాత అనుభవం ఒకటి చెప్పి తనే నవ్వుకున్నాడు. పిడుగు ఆ నవ్వును కూడా రాసింది. వాక్యం వెనక వాక్యం చేరుతున్నాయి. చక్రం లేదు.

ఆ ఇద్దరు పనివాళ్ళలో ఒకరు పక్క కిటికీలో టైపు చేశారు: "ఎర్ర మీట తర్వాత ఎంతసేపు ఆగాలి? మళ్ళీ చెప్పమనండి."

పిడుగు దాన్ని చదివి శిక్షకుడికి వినిపించింది. అతను ఆగి, ఈసారి నెమ్మదిగా చెప్పాడు. బ్లేడు పూర్తిగా నిలిచిపోవడం కళ్ళతో చూడాలి, చప్పుడు ఆగిందని నమ్మకూడదు. పిడుగు ఒక్క అక్షరం పొల్లుపోకుండా పంపింది. చప్పుడు వినలేని మనిషికి ఆ చివరి ముక్క ఎంత అవసరమో అనుకోవడానికి కూడా ఆమెకు సమయం లేదు, తర్వాతి వాక్యం వచ్చేసింది. అవతల నుంచి ఒక్క మాట వచ్చింది: "అర్థమైంది."

భర్త నిద్రకు పోలేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అత్తయ్య ఆగిపోయిన టీవీ ముందే చేతులు కట్టుకుని కూర్చుంది.

అప్పుడు తెర మూల చక్రం కనబడింది.

పిడుగు వేళ్ళు కొడుతూనే ఉన్నాయి. సర్వర్ మారుస్తున్నారు. చిన్నత్తయ్య దగ్గరున్న నంబరు ఈ క్షణంలో పాతదైపోతోంది. గడువు తీరేలోపు బయటికి వెళ్ళి కొత్తది తేవాలి. ప్రశ్న ఇప్పుడు ఆ వైరులో ఎక్కడో ఉంది. బిల్డింగులో ఎన్ని టీవీలు నడుస్తున్నాయో, ఎంతమంది సినిమాలు చూస్తున్నారో. ఆమె చేయగలిగింది ఏమీ లేదు. శిక్షకుడు చెబుతున్నాడు, ఆమె కొడుతోంది, ఆ ఒక్కటే ఆమె పని.

చక్రం ఒక చుట్టు పూర్తిచేయకుండానే మాయమైంది. ఆగిన మాటలు ఒక్కసారిగా అవతలికి దూకాయి. ఒక వాక్యం, దాని వెనకే ఇంకోటి. శిక్షకుడు ఊపిరి తీసుకునేలోపు పిడుగు అతన్ని మళ్ళీ అందుకుంది.

ఆ తర్వాత క్లాసు ముగిసేదాకా చక్రం కనబడలేదు.

*

ఫోను మోగేసరికి పిడుగు కిటికీ దగ్గరే నిలబడి ఉంది.

"ఆలస్యంగా వచ్చారు," అంది పర్యవేక్షకురాలు.

"వచ్చానండి. మీ సర్వర్ మారిన సంగతి మా ఇంటి సర్వర్‌కి తెలీలేదు. నేను పెట్టిన సెట్టింగ్ అది. మార్చేశాను."

"మీ ఇంటి సర్వరా?"

పిడుగు చెప్పింది. చిన్నత్తయ్య అన్న పేరు చెప్పలేదు కానీ మిగతాదంతా చెప్పింది.

"అంటే మా పరీక్ష కోసం ఇంట్లో సర్వర్ కట్టుకున్నారు."

"లైను మార్చే దారి లేదండి. ఈ బిల్డింగుకి ఉన్నది ఒక్కటే కంపెనీ."

"ఆలస్యానికి నేను మార్కులు తీసేస్తాను, తప్పదు. రెండోసారి ఆలస్యమైతే నాతో మాట పడతారు."

పిడుగు కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుంది.

"రెండోసారి అంటే..."

"తెగడానికీ ఆలస్యానికీ తేడా ఉందమ్మా. ఆలస్యమైతే నేను కాసేపు నెట్టుకొస్తాను. తెగితే వాళ్ళకి చేతులు పోతాయి. మీది తెగలేదు. సర్వర్ మారినప్పుడు కూడా తెగలేదు." గొంతులో గరుకు తగ్గింది. "ఆ ఇద్దరూ ఏం రాశారో తెలుసా? మూడో భాగానికి కూడా ఇదే రంగు అక్షరాలు కావాలన్నారు."

పిడుగు ఫోనును చెవికి నొక్కుకుంది. వెనక భర్త "ఏమంది? ఏమంది?" అని గుసగుసగా అడుగుతున్నాడు. గట్టిగా అడగొచ్చన్న సంగతి అతనికి తట్టనే లేదు.

"ఉన్నారా?"

"ఉన్నానండి."

"ఉద్యోగం కాగితాలు సాయంత్రం పంపిస్తాను. ఈలోగా ఒక ఇబ్బంది వచ్చిపడింది. పదకొండున్నరకి నర్సుల శిక్షణ క్లాసు ఒకటుంది, దానికి రావాల్సినావిడకి జ్వరమట. చాలా పొడుగు క్లాసు, మందుల పేర్లు నోరు తిరగవు. మీరు అలసిపోయి ఉంటారు. కాదంటే ఏమీ అనుకోను."

పిడుగు వేళ్ళు నొప్పెడుతున్నాయి. మణికట్టు లోపల చిన్న మంట మొదలైంది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది, హెడ్‌ఫోన్ చెవులకు తగిలించుకుంది.

"మందుల పేర్లు ఇప్పుడే పంపించండి," అంది. "ఒకసారి కొట్టి చూసుకుంటాను."